హోమ్ డిపో లోగో కర్నూలు అంగడికి నప్పుతుందా? బోర్డుల పనివాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కర్నూలులో మీ నాయన 1994లో పెట్టిన హార్డ్‌వేర్ అంగడి ఉంది. ఇప్పుడు నంద్యాలలో, కడపలో బ్రాంచీలు తెరుస్తున్నారు. నువ్వు అమెరికాలో ఇల్లు కట్టే సామాన్లు, పనిముట్లు అమ్మే పెద్ద చైన్ హోమ్ డిపో మాదిరి నారింజ రంగు చతురస్రంలో స్టెన్సిల్ అక్షరాలతో ఒక లోగో గీయించుకున్నావు. మీ నాయనేమో నీలం మీద పసుపు అక్షరాలు, మూలన తాపీ బొమ్మ ఉన్న పాత రేకు బోర్డే మేలంటున్నాడు. ఆ పెద్ద కంపెనీలు లోగోలు ఎప్పుడు, ఎందుకు మార్చుకున్నాయి, వాటి నుంచి మనం ఏం తీసుకోవచ్చు అని అడిగావు.

నేను అనంతపురంలో బోర్డుల పనివాణ్ణి. ఎనామెల్ డబ్బా, బ్రష్షుతో మొదలుపెట్టి, ఫ్లెక్సుల కాలం చూసి, ఇప్పుడు ఏసీపీ షీటు (పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద ఎల్‌ఈడీ అక్షరాలు బిగిస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ తగువులో ముప్పాతిక వంతు నేను మీ నాయన పక్షమే. ఎందుకో చెప్పడానికి నువ్వు మెచ్చిన ఆ హోమ్ డిపో కథే చాలు.

బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ అనే ఇద్దరు హ్యాండీ డాన్ అనే చైన్‌లో పెద్ద ఉద్యోగాలు చేస్తుండగా 1978లో వాళ్లను పొమ్మన్నారు. మరుసటి ఏడు జూన్ 22న అట్లాంటాలో హోమ్ డిపో పేరుతో రెండు అంగళ్లు తెరిచారు. ఒక్కొక్కటీ గోడౌనంత. అంత స్థలంలో నింపే సరుకుకు డబ్బు చాలక పై అరల్లో ఖాళీ అట్టపెట్టెలు, ఖాళీ పెయింటు డబ్బాలు పేర్చి నిండుగా కనిపించేట్టు చేశారని ఆ కంపెనీ వాళ్లే చెప్పుకుంటారు. షోకేసు లేదు, తళుకు లేదు. గోడౌనులోకే కస్టమర్‌ను రానిచ్చి, గోడౌను ధరకే అమ్మడం వాళ్ల వ్యాపారం.

ఇప్పుడు ఆ లోగో చూడు. స్టెన్సిల్ అక్షరాలు ఎక్కడివి? రేకులో అక్షరం కత్తిరించి, చెక్కపెట్టె మీద ఆనించి, మీద బ్రష్షు తిప్పితే పడే అచ్చు అది. ఆదోని పత్తి బేళ్ల మీద, రైలు వ్యాగన్ల మీద, మార్కెట్ యార్డు గోనెసంచుల మీద నువ్వు చూసే అచ్చు. అమెరికాలో దాన్ని ముద్రణ అక్షరంగా 1937లోనే పోత పోశారు. అదే ఏడు రెండు కంపెనీలు రెండు రకాల స్టెన్సిల్ టైపులు దించాయి. అంటే హోమ్ డిపో వాడింది కొత్త డిజైను కాదు, సరుకు పెట్టె మీది రాతే. దాన్ని చతురస్రంలో ఏటవాలుగా పెట్టారు, పెట్టె మీద ఎవరో తొందరలో కొట్టిన ముద్ర లాగా. "ఇది గోడౌను, సరుకు నేరుగా పెట్టెలోంచే నీ చేతికి" అని వేరే చెప్పక్కర్లేకుండా ఆ ముద్రే చెప్పింది. లోగోకు, అంగడికి మధ్య అబద్ధం లేదు. నాకు ఆ లోగోలో నచ్చేది అదే, అందం కాదు. నిజం చెప్పాలంటే అది అంత అందమైనదేమీ కాదు.

ఇంకో సంగతి గమనించు. 1979 నుంచి ఇప్పటిదాకా ఆ గుర్తు దాదాపు మారలేదు. దాని కింద నినాదాలు మారాయి. 2003లో "మీరు చేయగలరు, మేం సాయం చేస్తాం" అనే అర్థం వచ్చేది ఒకటి. 2009లో, ఆర్థిక మాంద్యం నడుస్తున్నప్పుడు, పొదుపు గురించి ఒకటి. 2019 చివర్లో పని చేసుకునేవాళ్ల గురించి మరొకటి. కాలం ఏం మాట్లాడితే నినాదం దాన్ని మాట్లాడింది. పైనున్న నారింజ చతురస్రం మాత్రం కదల్లేదు. పనివాళ్లు కట్టుకునే ఆప్రాన్ కూడా అదే రంగు, దాని మీద పేరు మార్కర్ పెన్నుతో చేత్తో రాసుకుంటారు. దేశమంతా రెండు వేలకు పైగా అంగళ్లున్న కంపెనీ, ప్రపంచంలో ఏ డిజైనర్నైనా పిలిపించుకోగల కంపెనీ, నలభై ఏళ్లు దాటినా బోర్డు మార్చలేదు. నువ్వేమో వాళ్లను చూసి ముప్పై ఏళ్ల బోర్డు మార్చాలంటున్నావు!

దీని పక్కన లోస్ కథ పెట్టి చూడు. అది మన అంగళ్ల కథకు ఇంకా దగ్గర. అమెరికాలో హోమ్ డిపో తర్వాత అంత పెద్ద చైన్ అదే. ఇండియాలో వాళ్లకు ఒక్క అంగడి లేదు, కానీ బెంగళూరులో పెద్ద ఆఫీసుంది. మన వైపు పిల్లలకు అందుకే ఆ పేరు కొంచెం తెలుసు. 1921లో నార్త్ కరొలైనాలో నార్త్ విల్క్స్‌బొరో అనే చిన్న ఊళ్లో లూషియస్ లో అనే ఆయన పెట్టిన హార్డ్‌వేర్ అంగడి అది. మన పాత అంగళ్లలో మేకులతో పాటు నూలు తాళ్లు, లాంతర్లు, పప్పులు అమ్మినట్టే అక్కడా బట్టలు, వెచ్చాలు, గుర్రపు సామాన్లు అన్నీ ఉండేవి. 1940లో ఆయన పోయాక అంగడి కూతురి చేతికి వచ్చింది. ఆమె తమ్ముడు జిమ్‌కు అమ్మింది. తర్వాత ఆమె భర్త కార్ల్ బుకన్ భాగస్వామిగా చేరాడు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది, సైనికులు తిరిగొస్తున్నారు, ఊరూరా ఇళ్లు కడతారు అని లెక్కేసుకున్న బుకన్ తక్కినవన్నీ తీసేయించి ఇల్లు కట్టే సామాన్ల మీదే కూర్చున్నాడు. 1952లో బావ, బామ్మర్ది విడిపోయారు. హార్డ్‌వేరు బావకు, తక్కిన ఉమ్మడి వ్యాపారాలు బామ్మర్దికి. బామ్మర్ది తర్వాత కిరాణా చైన్ పెట్టుకున్నాడు.

మన దగ్గర ఇలా పంపకాలైతే మొదటి గొడవ ఎక్కడొస్తుందో నీకు తెలుసు. పేరు ఎవరిది? అనంతపురంలో ఒకే పేరు ముందు 'శ్రీ', 'న్యూ', 'ఒరిజినల్' తగిలించుకుని వరసగా మూడు బోర్డులున్న వీధులకు నేనే రాసిచ్చాను. అక్కడ బుకన్ పేరు మార్చలేదు. తన ఇంటిపేరు కాకపోయినా మామ పేరు మీదే నడిపాడు. 'లో' అంటే ఇంగ్లీషులో తక్కువ, ఆ పేరుకు చవక ధర అనే అర్థం కలిసొస్తుంది కాబట్టి నినాదానికి కూడా అదే వాడుకున్నాడు. బామ్మర్ది కిరాణా చైన్ కూడా అదే ఇంటిపేరుతో ఇప్పటికీ నడుస్తోంది. పేరులో పాలు పంచుకున్న ఇద్దరినీ కస్టమర్ ఎలా వేరు చేసి చూడాలి? అప్పుడే గుర్తు, రంగు అవసరమవుతాయి. లోస్ హార్డ్‌వేర్‌కు ముదురు నీలం, పైన ఇంటి కప్పులా కొస తేలిన ఆకారం స్థిరపడ్డాయి. రోడ్డు మీద వేగంగా పోయేవాడికి అక్షరాలు చదివే తీరిక ఉండదు. నీలం, కప్పు, అంతే.

నారింజ, నీలం ఎదురెదురు రంగులు. 1989లో హోమ్ డిపో అమ్మకాల్లో లోస్‌ను దాటేసింది. ఆ తర్వాత లోస్ కూడా చిన్న అంగళ్లు మానేసి గోడౌనంత అంగళ్లు కట్టింది. సరుకు, ధర, పార్కింగు అన్నీ ఒకేలా అయిపోయాక ఇద్దరికీ మిగిలిన తేడా చాలావరకు రంగే. ఎదుటివాడి రంగుకు వీలైనంత దూరం నిలబడటం తెలివి. నువ్వు కడపలో దిగేముందు చేయాల్సిన పని ఇది. అంగడి పెట్టే వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడువు. హార్డ్‌వేర్, పెయింటు, శానిటరీ అంగళ్ల బోర్డుల రంగులు ఫోన్లో ఫొటోలు తీసుకో. ఏ రంగు లేదో అది నీది.

అయినా నారింజే ఎందుకు ఇంతమంది వాడతారు అని కూడా రాశావు. అది హోమ్ డిపో కనిపెట్టిందేమీ కాదు. బ్రిటన్‌లో బీ అండ్ క్యూ ఉంది, 1969లో సౌతాంప్టన్‌లో బ్లాక్, క్వేల్ అనే ఇద్దరు తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో పెట్టింది. అదీ నారింజే. జర్మనీలో ఓబీ నారింజ, హార్న్‌బాక్ నారింజ. రోడ్డు పనులు చేసేవాళ్ల జాకెట్టు, అడ్డంగా పెట్టే కోను, డ్రిల్లింగ్ మిషను, ఇవన్నీ ఆ రంగు చుట్టూ తిరిగే వస్తువులు. దూరం నుంచి కనిపిస్తుంది, పని వాసన వస్తుంది, ఖరీదైనదిగా అనిపించదు. ఆకుపచ్చ చెట్లు, బూడిద రంగు ఆకాశం ఉన్న దేశాల్లో అది నిప్పులా నిలబడుతుంది. మన ఎర్రమట్టి నేలలో, మే నెల ఎండలో, దుమ్ము పట్టిన గోడల మధ్య అంత నిలబడదు. ఇది నా కంటికి తోచిన మాట, పరిశోధన కాదు.

రంగుల గురించి ఇంకో చిక్కు మనకే సొంతం. పసుపు పెడితే ఒక పార్టీ అంటారు, నీలం ఆకుపచ్చ కలిపితే ఇంకో పార్టీ అంటారు, ఎరుపు అయితే ఒకటి, కాషాయం అయితే ఒకటి. పంచాయతీ ఆఫీసులకు వేసిన రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా పోయి, తీసేయమనే తేలిన రాష్ట్రం మనది. మీ పాత బోర్డు నీలం మీద పసుపు కాబట్టి ఇద్దరికీ సమానంగా దణ్ణం పెట్టినట్టుంది, ఆ భయం లేదు. నారింజ ఒక్కటే నిండుగా పెడితే మాత్రం ఎన్నికల ఏడాది ఎవడో ఒకడు అడుగుతాడు.

ఇక రెండో ఊరికి బోర్డు మోసుకుపోవడం గురించి. నీకు అసలు కావలసింది ఇక్కడుంది, కాస్త నిదానంగా చదువు.

ఆస్ట్రేలియాలో బన్నింగ్స్ అని ఉంది. 1886లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారు. ఆకుపచ్చ గోడ, దాని మీద పెద్ద ఎర్ర సుత్తి. ఆ దేశంలో ఆ సుత్తి కనిపిస్తే శనివారమొచ్చినట్టే. అంగడి ముందు స్థానిక సంఘాల వాళ్లు సాసేజీలు కాల్చి అమ్ముకుని చందాలు పోగు చేసుకుంటారు, జనం వాటి కోసమైనా వస్తారు. ఆ కంపెనీ యజమాని వెస్‌ఫార్మర్స్ 2016లో బ్రిటన్‌లోని హోమ్‌బేస్ అనే చైన్‌ను 34 కోట్ల పౌండ్లకు కొన్నది. హోమ్‌బేస్ 1981 నుంచి ఉన్న అంగడి. వంటింటి అల్మారాలు, పరదాలు, దీపాలు, మెత్తని సామాన్ల కోసం కుటుంబాలు వచ్చే చోటు. కొత్త యజమానులు అవన్నీ తగ్గించేసి ఆస్ట్రేలియా పద్ధతిలో పనిముట్లు నింపారు, ఒక్కో అంగడికీ పాత పేరు దించి సుత్తి బోర్డు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో నూరేళ్లు పైబడిన ఆ పేరు బ్రిటన్ వాడికి ఎవరో పరాయివాడి పేరు. పాత కస్టమరు రాలేదు, కొత్త కస్టమరు పుట్టలేదు. రెండేళ్లు దాటిన కొన్ని నెలలకే, 2018లో, మొత్తం చైన్‌ను ఒక్క పౌండుకు అమ్మేసి వెళ్లిపోయారు. కొన్నవాళ్లు మొదట చేసిన పనుల్లో ఒకటి సుత్తి బోర్డులు దించి మళ్లీ హోమ్‌బేస్ పేరు ఎక్కించడం. ఆ హోమ్‌బేస్ కూడా 2024 నవంబరులో దివాళా తీసింది, అది వేరే కథ. పాత పేరు తిరిగొచ్చినంత మాత్రాన వ్యాపారం బాగుపడదని కూడా దీంట్లోనే ఉంది.

కెనడాలో ఇలాంటిదే ఇంకోటి. లోస్ 2016లో అక్కడి రోనా అనే చైన్‌ను కొన్నది. 2023లో కెనడా వ్యాపారం మొత్తం వేరేవాళ్ల చేతికి పోయింది. వాళ్లు ఏం చేశారు? కెనడాలో ఉన్న లోస్ నీలం బోర్డులు దించుతూ 'రోనా ప్లస్' అని ఎక్కించారు. ప్రపంచంలో రెండో పెద్ద పేరు కంటే అక్కడి జనానికి తెలిసిన పేరే ఎక్కువ పలికింది. హోమ్ డిపోకూ చైనాలో ఇలాంటి దెబ్బే తగిలింది. 2006లో పన్నెండు అంగళ్లతో ఉన్న ఒక చైన్‌ను కొని నారింజ బోర్డు పెట్టింది, 2012లో మిగిలిన పెద్ద అంగళ్లన్నీ మూసేసింది. అక్కడివాళ్లు కొత్త ఫ్లాటు కొన్నాక పనివాణ్ణి పెట్టి చేయించుకుంటారు, సొంతంగా సుత్తి పట్టరు. మనమూ అంతే కదా. మన దగ్గర హార్డ్‌వేర్ అంగడికి వచ్చేది ఇంటి యజమాని కాదు, బేల్దారి మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను. యజమాని వచ్చినా మేస్త్రీ రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తాడు. నువ్వు నచ్చి తెచ్చుకున్న అమెరికా లోగో ఇంటి యజమాని సొంతంగా పని చేసుకునే దేశానిది. నీ బోర్డు నచ్చాల్సింది మేస్త్రీకి. మూలనున్న ఆ తాపీ బొమ్మ మేస్త్రీ చేతిలో రోజూ ఉండేది. అది గీసిన పాత పెయింటరు ఎవరో కానీ, ఆయనకు నీ డిజైనర్ కంటే మీ వ్యాపారం బాగా తెలుసు.

నంద్యాలలో మీ పేరు కొంత తెలిసే ఉంటుంది, నిన్నటిదాకా కర్నూలు జిల్లానే కదా, సిమెంటు కోసం, కంబీల కోసం వచ్చిపోయే దారి. అక్కడ ఉన్నదున్నట్టు పాత బోర్డే పెట్టు. కడప వేరు. అక్కడి మేస్త్రీలకు కర్నూలు అంగడి పేరు పరాయిదే. కాబట్టి కడప బోర్డులో పేరు కంటే తాపీ పెద్దదిగా ఉండనీ. ఏడు రోడ్ల దగ్గర నిలబడి ఫోన్లో దారి చెప్పేవాడు "తాపీ బొమ్మ ఉండే అంగడి" అనాలి. ఏడాదిలో పేరు దానంతటదే వస్తుంది.

ఇంతవరకు మీ నాయన పక్షం మాట్లాడాను. ఇక మిగిలిన పావు వంతు నీది. మీ బోర్డు ఫొటో పంపావు కదా. అందులో మీ పేరు ఎక్కడుంది? పైన మూడొంతులు ఒక పెయింటు కంపెనీ, పక్కన పైపుల కంపెనీ స్టాండీ, షట్టరు మీద సిమెంటు కంపెనీ. పాత రేకు బోర్డు వాటి వెనక సగం దాక్కునుంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న సీమ ఇది. ప్రతి డీలరుకూ బోర్డు ఉచితంగా వస్తుంది. ఉచితంగా వచ్చిన బోర్డు మీద నీ పేరు కింద పట్టీలో, ఫోన్ నంబరు పక్కన, చిన్నగా ఉంటుంది. వాళ్ల తప్పేం లేదు, డబ్బు వాళ్లది. కానీ కంపెనీ లోగో మారినప్పుడల్లా నీ ముఖం మారుతుంది. ఏషియన్ పెయింట్స్ గట్టును చూడు. ఆర్‌.కె. లక్ష్మణ్ 1954లో గీసిన ఆ బ్రష్షు పట్టుకున్న కుర్రవాడు దేశంలో ప్రతి పెయింటంగడి మీదా ఉండేవాడు, చదువు రానివాళ్లు డబ్బా మీద ఆ పిల్లవాణ్ణి చూసే కొనేవాళ్లు. 2002లో కంపెనీ అతన్ని పక్కన పెట్టింది. 2012లో లోగో మళ్లీ మార్చింది. ప్రతిసారీ డీలర్ల బోర్డులన్నీ మారాయి. దుకాణదారుణ్ణి ఎవరూ అడగలేదు.

అమెరికాలో ఏస్ హార్డ్‌వేర్ అని 1924లో షికాగోలో పుట్టిన పేరు ఉంది. అది ఇప్పుడు దుకాణదార్లే యజమానులుగా ఉన్న సహకార సంస్థ. ఎర్రని ఏస్ గుర్తు అందరికీ ఒకటే, కానీ చాలా ఊళ్లలో దాని పక్కన ఆ కుటుంబం పేరు, ఆ ఊరి పేరు ఉంటుంది. గుర్తులో దుకాణదారుకు వాటా ఉంది కాబట్టి పేరుకూ చోటుంది. మనకు కంపెనీ గుర్తులో వాటా లేదు. అందుకని బేరమాడు. కంపెనీ బోర్డులు షట్టరుకు పక్కన, లోపలి గోడ మీద, మెట్ల దగ్గర ఎక్కడైనా పెట్టుకోమను. పై వరస మాత్రం నీది. పెద్ద డీలరు గట్టిగా అడిగితే సేల్స్ ఆఫీసరు ఒప్పుకుంటాడు, ఒప్పుకున్నవాళ్లకు నేను బోర్డులు చేశాను. ఇది ఒక్కటి చేస్తే లోగో గొడవ సగం తీరిపోయినట్టే.

ఇక పనివాడి మాటలు కొన్ని.

నువ్వు గీయించుకున్న స్టెన్సిల్ తెలుగులో నిలబడదు. ఇంగ్లీషు ఓ అక్షరంలో రెండు గాట్లు పెట్టినా కన్ను దాన్ని ఓ అనే చదువుతుంది. మన సున్నకు రెండు గాట్లు పెడితే అది రెండు బ్రాకెట్లవుతుంది. 'సిమెంట్', 'పెయింట్స్' రెండింట్లోనూ సున్న ఉంది, నీ ఫైల్లో చూసుకో. తలకట్టు కొన్ని అక్షరాల్లో ఇప్పటికే విడిగా నిలబడేది. దాని కింద ఇంకో గాటు పడితే ఏ ముక్క దేనిదో తెలియదు. వత్తులైతే చెప్పనే అక్కర్లేదు. నీ డిజైనర్ ఇంగ్లీషు పేరు గీసి, తెలుగును చివర్లో కంప్యూటర్ ఫాంటుతో కింద తగిలించాడు. ఆ వరస తలకిందులు. షాపుల చట్టం నియమాల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి, వేరే భాష దాని కింద రావాలి. ముందు తెలుగు గీయించు, ఇంగ్లీషు దాని రూపం చూసి వస్తుంది.

ఎత్తు లెక్క: పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉండాలని బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. అది ఇంగ్లీషు పెద్దక్షరాల లెక్క. తెలుగులో పైన గుడి, కింద వత్తు స్థలం తినేస్తాయి కాబట్టి నేను ఒకటిన్నర రెట్లు తీసుకుంటాను. 'హార్డ్‌వేర్స్'ను అలాగే పొల్లులతో వదిలితే ఎత్తు కలిసొస్తుంది, వత్తులు పెడితే బోర్డు కిందికి సాగుతుంది.

రంగు వెలిసిపోవడం గురించి తప్పకుండా తెలుసుకో. ఫ్లెక్సు ప్రింటులో నారింజ అనే ఇంకు ఉండదు. పసుపు, గులాబీ ఇంకులు కలిసి ఆ రంగు కనిపిస్తుంది. ఎండకు ముందు చచ్చేవి ఆ రెండే. పాత సినిమా పోస్టర్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సులు కొన్నాళ్లకు నీలంగా మిగిలిపోవడం చూసే ఉంటావు. అనంతపురం, కర్నూలు ఎండలో పడమటి ముఖం అంగడి అయితే నారింజ ఫ్లెక్సు రెండో వేసవికి పాలిపోయిన కందిపప్పు రంగుకు వస్తుంది. కాబట్టి రంగు ప్రింటు చేసి బోర్డు కట్టకు, రంగుతోనే తయారైన షీటు వాడు. వెనక పలకకు పీవీడీఎఫ్ అనే, ఎండకు తట్టుకునే పూత ఉన్న ఏసీపీ షీటు అడుగు. తక్కువ ధరకు దొరికే పాలియెస్టర్ పూత లోపలి గోడలకు సరిపోతుంది, బయటికి వద్దు. అక్షరాలు యాక్రిలిక్‌లో కోయించు, లోపల ఎల్‌ఈడీ. నీలం షీటు మీద పసుపు యాక్రిలిక్ అక్షరం పగలూ రాత్రీ రెండు పూటలా చదవొస్తుంది. మీ నాయన రంగులు ఇక్కడా గెలిచాయి, ఏం చేస్తాం!

చట్టం సంగతి క్లుప్తంగా. మీ అంగడి పేరు దేవుడి పేరు. ఆ పేరు రాష్ట్రమంతా వందల బోర్డుల మీద ఉంటుంది. దాని మీద నీకొక్కడికే హక్కు రావడం కష్టం. 'రామాయణ్' అనే మాటను అగరుబత్తులకు ట్రేడ్‌మార్కుగా ఇవ్వడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని పేరొక్కటే కాకుండా తాపీ గుర్తు, అక్షరాల తీరు కలిపి ఒకే బొమ్మగా దరఖాస్తు పెట్టు. సొంత పేరు మీదో చిన్న పరిశ్రమగానో ఆన్‌లైన్లో పెడితే ఒక్కో తరగతికి (సరుకుల, సేవల రకానికి) 4,500 రూపాయలు, లేకపోతే 9,000. అంగడి సేవలకు 35వ తరగతి. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. రంగు పేర్కొనకుండా నలుపు తెలుపులో పెడితే అన్ని రంగులకూ వర్తిస్తుంది, ముందుముందు రంగు మార్చాలన్నా ఇబ్బంది ఉండదు. రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా వృత్తంలో ఆర్ గుర్తు పెట్టకు, అది నేరం.

డిజైనర్‌కు డబ్బు కట్టినంత మాత్రాన బొమ్మ మీద హక్కు నీదైపోదు. హక్కు బదిలీ చేస్తున్నట్టు కాగితం రాయించుకో, అందులో కాలం కూడా రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటుంది కాపీరైటు చట్టం. వాట్సాప్‌లో పంపిన జేపీజీ తీసుకుని ఊరుకోకు. ఎంత పెద్దది చేసినా పగలని వెక్టర్ ఫైలు, రంగుల నంబర్లు రాసిన కాగితం అడిగి తీసుకో. కడపలో వేరే పనివాడు చేసినా అదే నీలం రావాలంటే ఆ నంబర్లే దిక్కు.

ఇక మొదలుపెట్టే వరస. కర్నూలు బోర్డును ఇప్పుడే దించకు. కంపెనీ పలకలు పక్కకు జరిపించి, నిచ్చెనేసి, ఎదురుగా వంకర లేకుండా పొద్దున ఎనిమిది లోపు ఫొటో తీయించు, ఎండ ఏటవాలుగా పడితే బ్రష్షు గీతలు తెలుస్తాయి. పల్చటి ట్రేసింగ్ కాగితం అద్ది తాపీ బొమ్మను, పేరులో ప్రతి అక్షరాన్నీ అచ్చుగా ఎత్తించు. డిజైనర్ దాని మీద పని చేయాలి, ఫాంటు మీద కాదు. వంకర ఉన్నచోట వంకర కొంచెం సరిచేస్తే చాలు, పూర్తిగా తీసేస్తే చేతిరాత పోతుంది. కడప బోర్డు ముందు, నంద్యాలది తర్వాత. కర్నూలు రేకుకు తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు పాత గీతల మీదే వేయిస్తే సరిపోతుంది. చేత్తో రాసే పెయింటర్లు ఇప్పటికీ ఉన్నారు, కర్నూలులో దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టు, ఇక్కణ్ణుంచి ఒకర్ని పంపిస్తా. బస్సు చార్జీ, భోజనం మీరే చూసుకోవాలి.